రాజుగారి కాళ్ళ దొంగ

బంగార్రాజుగారికి అనుమానం కొత్త కాదు. మొగల్తూరు పక్కన రొయ్యల చెరువులు చేసే మనిషికి ఆ మాత్రం అనుమానం లేకపోతే వల వేసి పట్టే రోజున చెరువులో రొయ్యలుండవు, బురదే ఉంటుంది. రొయ్యపిల్ల అమ్మినవాణ్ణి అనుమానించాలి, మేత బస్తాలు దించినవాణ్ణి అనుమానించాలి, తూకం వేసేవాడి సంగతి సరేసరి. గట్టు మీద వాలిన కొంగల్ని కూడా ఆయన ఎవరో పనిగట్టుకుని పంపినట్టే చూసేవారు. అలాంటి మనిషి కన్ను ఈమధ్య చెరువుల మీంచి ఇంట్లోకి మళ్ళింది. అందుకు కారణం ఆయన కాళ్ళు.

రెండేళ్ళ కిందట రాజుగారి గుండె నీరసించింది. పాదాలు పొంగి చెప్పులు పట్టలేదు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడలేదు. భీమవరంలో ఆసుపత్రిలో ఉంచి ఒంట్లో చేరిన నీరంతా తీశారు. గుండె కొట్టుకుంటోంది గానీ రక్తాన్ని తోయాల్సినంత బలంగా తోయడం లేదని, ఇక జన్మంతా మందులతో నెట్టుకురావాల్సిందేనని చెప్పి పంపించారు. మందులు బాగానే పనిచేశాయి. పొంగు దిగింది, ఆయాసం తగ్గింది, ఒక్క దిండు మీదే నిద్ర పడుతోంది. మొన్న పరీక్ష చేసి, గుండె మునుపటికంటే నయమని కూడా అన్నారు.

మరి గుండె బాగుపడుతుంటే కాళ్ళు ఎందుకు పోతున్నాయి? ఇదీ రాజుగారి ప్రశ్న. పడక కుర్చీలోంచి లేవబోతే తొడలు వణుకుతున్నాయి. వీధి గుమ్మం దాకా నడిస్తే చాలు, ధాన్యం బస్తా మోసినట్టు ఒళ్ళు హూనమైపోతోంది. ఎవరూ చూడకుండా ఆవకాయ జాడీ మూత తియ్యబోతే వేళ్ళలో పట్టు లేక జారిపోయింది. ఆవకాయ ఆయన ముట్టకూడదనుకోండి, అది వేరే విషయం.

ఒకరోజు స్నానం చేస్తూ తొడ మీద చర్మం పట్టి చూసుకున్నారు. చర్మం చేతిలోకి వచ్చింది గానీ దాని కింద కండ తగల్లేదు. లూజ్ షెల్! రొయ్యకు వచ్చే ఆ తెగులు ఆయనకు బాగా ఎరుకే. పైన పెంకు పెద్దదిగానే ఉంటుంది, లోపల కండ కరిగిపోయి వేలితో నొక్కితే బోలుగా ఉంటుంది. అలాంటి తెగులు కనబడిన చెరువులో ఆయన మొట్టమొదట అనుమానించేది మేతని, ఆ తర్వాత మేత వేసేవాణ్ణి.

ఇంట్లో ఆయనకు మేత వేసేది భార్య రత్నమాణిక్యం.

ఇక చూడండి, ఎటు చూసినా ఆధారాలే. ఆవిడ వంటింట్లో రోట్లో ఏదో దంచుతూ ఉంటుంది. ఈయన అడుగుల చప్పుడు వినగానే దంచడం ఆపి డబ్బా మూత పెట్టేస్తుంది. ఏమిటది అని అడిగితే, "ఏం లేదండీ, ఊరికే," అంటుంది. రోకలి పట్టుకుని ఊరికే దంచే ఆడదాన్ని రాజుగారు తన జన్మలో చూడలేదు. బండి తాళం కొక్కేనికి కనబడటం లేదు. చెరువుల మీదకి తనకు బదులు బావమరిది పల్లంరాజు వెళుతున్నాడు. వెళ్ళడం కాదు, రాజుగారి టోపీ పెట్టుకుని మరీ వెళుతున్నాడు. అన్నిటికంటే మించి, ఒక మధ్యాహ్నం నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్న రాజుగారి చెవిన రత్నమాణిక్యం ఫోన్ మాటలు పడ్డాయి.

"ఆయన్ని గట్టు ఎక్కనివ్వకురా తమ్ముడూ. అడిగితే అంతా బాగానే ఉందని చెప్పు. ఇక్కడ సంగతి నేను చూసుకుంటాను."

అక్కాతమ్ముళ్ళు ఒకటయ్యారు. ఈ మాట మనసులో అనుకున్న క్షణాన ఆయనకు కోపం కంటే దిగులు ఎక్కువ కలిగింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిణ్ణి అనుమానించడం అదే మొదలు.

పైగా ఆ మర్యాద ఒకటి! గోదావరి జిల్లాల్లో మర్యాదకు లోటేముంది గానీ, ఇది మరీ శ్రుతి మించింది. కుర్చీలో కాస్త ముందుకు వంగితే చాలు, "అయ్యో, మీరు లేవకండి" అంటూ రత్నమాణిక్యం ఓవైపు నుంచీ, పనిమనిషి బేబీ ఇంకోవైపు నుంచీ పరిగెత్తుకొస్తారు. నీళ్ళు కుర్చీ దగ్గరికి, భోజనం కుర్చీ దగ్గరికి, పేపరు, కళ్ళజోడు, చెప్పులు అన్నీ కుర్చీ దగ్గరికే. బేబీ అయితే ఆయన కాళ్ళు ఎత్తి పీట మీద పెట్టి వెళుతుంది. ఇంతలేసి మర్యాదలు కారణం లేకుండా ఎవరూ చెయ్యరని రాజుగారు లెక్కగట్టారు.

ఆదివారం పల్లంరాజు భోజనానికి వచ్చాడు. రాజుగారి కంచంలో ఉప్పు లేని కూరలు, అతని కంచంలో మామూలువి. అన్నం కలపబోతుండగా రాజుగారు తన కంచం ముందుకు తోశారు.

"పల్లంరాజూ, ఇవాళ నాది నువ్వు తిను. నేను పెరుగన్నంతో సరిపెట్టుకుంటాను."

"అదేంటి బావగారూ, నాకు ఉందిగా!"

"ఏం, మా కంచం పనికిరాదా?"

ఆ మాట అన్నాక ఇంకేముంది, పల్లంరాజు చచ్చినట్టు ఉప్పులేని బీరకాయ కూర, చప్పటి చారు చుక్క మిగల్చకుండా తిన్నాడు. "అద్భుతంగా ఉందక్కా," అని కూడా అన్నాడు. ప్రతి ముద్దకీ అతని మొహాన్ని రాజుగారు కన్నార్పకుండా పరిశీలించారు. మర్నాడు పొద్దున్నే వీధిలో బుల్లెట్ చప్పుడైంది. ఒక్క తాపుకే తన బండి స్టార్టు చేసి, టోపీ సర్దుకుని చెరువులకు వెళ్ళిపోతున్నాడు పల్లంరాజు. కాళ్ళు రాతిస్తంభాల్లా ఉన్నాయి.

అంటే తిండిలో లేదన్నమాట. ఇక మిగిలినవి మందులు.

ఆ పూట నుంచీ రాజుగారు మాత్రలు మింగడం మానేశారు. రత్నమాణిక్యం చేతిలో పెడుతుంది, ఈయన నోట్లో వేసుకుంటారు, ఆవిడ అటు తిరగ్గానే తీసి పడక కుర్చీ గుడ్డ మడతలో దోపుతారు. మొదట్లో హాయిగానే ఉంది. మాటిమాటికీ మరుగుదొడ్డికి లేచే బాధ తప్పింది. దొంగని పట్టేశానని ఆయన మీసం మీద చెయ్యి వేసుకున్నారు. వారం తిరక్కుండా పాదాలు పొంగాయి. ఒక తెల్లవారుజామున మంచం మీద లేచి కూర్చున్నారు, మాట్లాడదామంటే ఊపిరి అందలేదు. పల్లంరాజు వచ్చి ఆయన్ని చంటిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి కారులో వేశాడు. దారి పొడుగునా రత్నమాణిక్యం ఆయన వీపు నిమురుతూనే ఉంది. ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందో, ఆ చేతినే కదా అనుమానించిందని అంత మంటగానూ ఉంది ఆయనకు.

ఆసుపత్రిలో మళ్ళీ నీరు తీశారు. గండం గడిచాక డాక్టర్ అశ్విని వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. చిన్నవయసే గానీ చూపు గట్టిది.

"రాజుగారూ, మందులు వేసుకోవడం లేదు కదూ?"

"నా చేత్తో నేనే ఇస్తున్నానండీ!" అంది రత్నమాణిక్యం. "ఒక్క పూట కూడా తప్పలేదు."

రాజుగారు గోడకేసి చూశారు. "కుర్చీ గుడ్డ మడతలో ఉన్నాయి," అన్నారు చివరికి.

"ఎందుకండీ?"

"కాళ్ళలో బలం ఎవరో లాగేస్తున్నారనిపించిందమ్మా. మాత్రల్లో ఏదైనా కలిపి..."

"ఎవరో అంటే ఎవరండీ?"

భార్య వైపు చూడకుండా ఉండటానికి ఆయన పడిన అవస్థే జవాబు చెప్పేసింది. దుప్పటి సర్దుతున్న రత్నమాణిక్యం చెయ్యి ఆగిపోయింది. ఆ చెయ్యి వెనక్కి తీసుకుని కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడింది.

డాక్టర్ అశ్విని ఆ సంగతి గమనించీ గమనించనట్టే ఊరుకుంది. మర్నాడు ఆయన కాస్త తేరుకున్నాక కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు గుండెల మీద కట్టుకుని లేవమంది. రాజుగారు ముందుకు వంగారు, వణికారు, మళ్ళీ కూలబడ్డారు. పడ్డారో లేదో అక్కాతమ్ముళ్ళిద్దరూ పరుగున వచ్చి చెరో రెక్కా పట్టుకున్నారు.

"ఆగండి, వదలండి! ఇంట్లో కూడా ఇంతేనా?"

"ఇంకా నయమండీ, ఇంట్లో అసలు లేవనివ్వం," అన్నాడు పల్లంరాజు గర్వంగా. "గుండె జబ్బు మనిషి కదండీ. గ్లాసుడు నీళ్ళు కూడా చేతికే ఇస్తాం. చెరువుల మాట చెవిన పడనివ్వం. మా అక్క బండి తాళం బియ్యం డబ్బాలో దాచేసిందండి, ఆయ్!"

డాక్టర్ నవ్వలేదు. "గుండె రక్తం సరిగ్గా తోయనప్పుడు కండలు వాటంతటవే చిక్కిపోతాయండి. గుండె కాస్త కుదుటపడ్డా, పోయిన కండ దానంతటది తిరిగి రాదు. పని చెప్తేనే వస్తుంది. ఈయన నీరసం ఈయన కల్పించుకున్నది కాదు. కానీ ఉన్న కాసింత కండనీ మీరంతా కలిసి కూర్చోబెట్టి కరిగించారు. మందులు మానకూడదు, కూర్చోనూ కూడదు. మేము నేర్పినంత మేర రోజూ లేవాలి, నడవాలి. ఆయాసం వస్తే ఆగాలి. అంతే తప్ప ఎవరూ ముట్టుకోకండి."

రాజుగారి మొహం వెలిగిపోయింది. "విన్నావా పల్లంరాజూ! ఇది ఇంట్లోవాళ్ళ పనేనని నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను!"

"తిండి ఏం పెడుతున్నారమ్మా?" అని డాక్టర్ అడిగింది. రత్నమాణిక్యం కిటికీ వైపు తిరిగి జవాబు చెప్పింది. ఉప్పు లేని కూర ఆయన నోటికి ఎక్కడం లేదని, వెల్లుల్లీ, ధనియాలూ, ఎండబెట్టిన నిమ్మతొక్కా రోజుకో రకంగా దంచి చల్లుతోందట. ఎదురుగా దంచితే, అందులో కాస్త ఉప్పు వెయ్యమని చంటిపిల్లాడిలా మారాం చేస్తారని డబ్బా దాచేదట. ఆ మాటలు చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు. అందుకే రాజుగారికి అంత సిగ్గేసింది.

ఇంటికి వచ్చేసరికి పడక కుర్చీ అటకెక్కింది. దాని చోట నిటారు కుర్చీ ఉంది. మాత్రలు పొద్దున్నే బల్ల మీద ఉంటున్నాయి, వేళకు అన్నం ఉంటోంది, పొడి డబ్బా ఇప్పుడు మూత తీసి ఆయన కళ్ళెదుటే ఉంటోంది. లేనిది మాటే.

"మాణిక్యం, కాసిని నీళ్ళు."

"బిందె అక్కడే ఉందండీ."

ఇది డాక్టర్ చెప్పినందుకా, తన మీద కోపానికా? ఎంత ఆరా తీసినా తేలలేదు. చెరువుల దొంగల్నీ తూకం మోసాల్నీ వాసన పట్టే రాజుగారికి సొంత భార్య మొహంలో ఏముందో అంతుపట్టలేదు. అడిగితే కదా తెలిసేది, అడగడానికి నోరు రాలేదు. ఆయన రోజూ కుర్చీలోంచి లేచారు, కూర్చున్నారు, బిందె దాకా నడిచారు. పల్లంరాజు పక్కన నడిచేవాడు, చేతులు వెనక్కి కట్టుకుని. తొడలు వణకడం మానలేదు గానీ, వణుకుతూనే మొయ్యడం మొదలుపెట్టాయి.

ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం రత్నమాణిక్యం వెనకవరండాలో చింతకాయలు కొడుతూ కూర్చుంది. మొహమంతా చెమట. వంటింట్లో కూర్చున్న రాజుగారు ఆవిణ్ణి కాసేపు చూశారు. చేతులు ఆనించకుండా లేచారు. బిందెలో నీళ్ళు ముంచారు. గ్లాసు పట్టుకుని గుమ్మం దాటి, వరండా అంతా నడిచి ఆవిడ ముందు నిలబడ్డారు. సగం నీళ్ళు దారిలోనే ఒలికిపోయాయి.

"తప్పయిపోయింది మాణిక్యం," అన్నారు.

రత్నమాణిక్యం గ్లాసు అందుకుంది. లోపలికి తొంగి చూసింది. పైకెత్తి వెలుతురులో తిప్పి చూసింది. ఆ తర్వాత ఆయన కళ్ళలోకి చూసింది.

"ఇందులో ఏం కలిపారు?"

రాజుగారి కాళ్ళు రెండూ ఒక్కసారే వణికాయి. ఆవిడ పట్టుకోలేదు, కూర్చోమనీ అనలేదు. ఆయన అలాగే నిలబడ్డారు. ఆయన మొహం మీంచి చూపు తిప్పకుండానే రత్నమాణిక్యం గ్లాసెత్తి చుక్క మిగలకుండా తాగింది.