రెండో నంబరు క్యాపు

కిరసనాయిలు ట్రేలోంచి కనెక్టింగ్ రాడ్లు తీసి తుడుస్తున్న మెకానిక్‌కు గుండె జారింది. రెండు రాడ్ల మీద ఒకటే అంకె, రెండు. విడిగా పడున్న క్యాపుల్లోనూ రెండు అంకె వేసినవి రెండు.

రాడ్డు అడుగున బోల్టులతో బిగించే ముక్కే క్యాపు. రెంటినీ కలిపి తొలుస్తారు కాబట్టి ఒకదాని క్యాపు ఇంకోదానికి పనికిరాదు. పట్టినట్టే పట్టి, పరుగులో ప్రాణం తీస్తుంది. అందుకే జతకో అంకె కొడతారు. అంకె ఉందిగదా అన్న ధీమాతోనే అన్నీ విప్పి ఒకే ట్రేలో పోశాడు. తుక్కు కొట్టువాడు రెండు ఇంజిన్ల రాడ్లు కలిపి ఒక సెట్టని అంటగట్టాడని అప్పుడు తట్టలేదు.

బండి అక్కది. పిల్లల్ని బడికి దింపే వ్యాను. వాననీళ్లు ఇంజిన్‌లోకి పోయి రాడ్లు వంగాయి. ఉన్న డబ్బుతో పిస్టన్లు కొత్తవి వేయొచ్చు, లేదా రాడ్లు. "పిస్టనే ఇంజిన్‌కు గుండె" అని స్పేర్‌పార్టుల షాపువాడంటే తలూపి పిస్టన్లు కొని, రాడ్లు తుక్కులో తెచ్చాడు. లేనివాడికి సలహాలు మాత్రం ఊరికే దొరుకుతాయి!

ఒక క్యాపు పెట్టి బిగించాడు. పట్టింది. మార్చి పెట్టాడు. అదీ పట్టింది! అతుకు మీద గోరు గీస్తే, జత తప్పితే ఉండే మెట్టు తగిలినట్టూ ఉంది, తగలనట్టూ ఉంది. సోమవారం బండి కదలకపోతే పిల్లల ఇళ్లవాళ్లు వేరే వ్యాను చూసుకుంటారు. కదిలి, బడి దారిలో ఆ దిగుడు రోడ్డు మీద రాడ్డు విరిగితే?

"ఏరా, బిగిస్తున్నావా, జోల పాడుతున్నావా?" అంటూ అక్క వచ్చింది.

"అయిపోవచ్చిందే."

"మొహం అలా లేదే. నాలుక మింగినోడిలా ఉన్నావు."

ఇక దాచలేకపోయాడు. "క్యాపులు కలిసిపోయాయక్కా. ఏది దేనిదో తెలీట్లేదు. సరైనది పడితే ఏం కాదు."

"పడకపోతే?"

అతను స్పానర్ తుడిచాడు. తుడిచిందే తుడిచాడు.

"నా వెనక సీట్లో కూర్చునేది నీ కూతురు కూడా. దాన్ని పడితే పడింది అని ఎక్కించనా?"

"లేత్‌లో మళ్లీ తొలిపించాలంటే కొత్త రాడ్ల ధర అవుతుందే."

"పిస్టన్లకు కాగితమైనా విప్పలేదుగా? ఇచ్చేసి రాడ్లు పట్రా."

"మరి పిస్టన్లు?"

"పాతవి చచ్చాయా?"

"గీతలు పడ్డాయి. కొత్త రింగులేసినా పొగ కక్కుతుంది. వీధి వీధంతా నిన్ను తిడుతుంది."

"తిట్టనీరా. తిట్లకు దద్దుర్లు లేస్తాయా?"

షాపువాడు గొణిగి గొణిగి మార్చిచ్చాడు. ఆదివారం సాయంత్రానికి ఇంజిన్ బండిలో కూర్చుంది. అక్క తాళం తిప్పింది. నీలం పొగ గుప్పున లేచింది. ఎదురింటి కిటికీలోంచి తిట్లు మొదలయ్యాయి.

లోపల రాడ్డు కొట్టుకుంటోందేమో విందామని మెకానిక్ పొడుగు స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవికి అదిమాడు. టక్, టక్, టక్. ఊపిరి బిగబట్టాడు. స్క్రూడ్రైవర్ తీశాడు. శబ్దం ఆగలేదు. కొట్టుకునేది తన గుండే.

"ఏరా, రేపు నీ కూతుర్ని ఎక్కించొచ్చా?" పొగలో దగ్గుతూ అరిచింది అక్క.

అతను మళ్లీ పిడికి చెవి ఆనించాడు.

"ఇంకాస్త రేజ్ చెయ్యక్కా" అన్నాడు.