మొదటి బహుమతి వాషింగ్ మెషీన్

చొక్కా కాలరుకు సబ్బు పెట్టి రుద్దుతుంటే మా అబ్బాయి పెరటి గుమ్మంలోకి వచ్చి వారపత్రిక చూపించాడు. "అమ్మా, కథల పోటీ. మొదటి బహుమతి వాషింగ్ మెషీన్. ఇక నీ చేతిలో ఉంది."

"నా చేతిలో ప్రస్తుతం నీ చొక్కా ఉంది," అన్నాను.

వాడు నవ్వాడు. వంటింట్లోంచి కోడలు కూడా నవ్వింది. "గడియారాలు చాలు అత్తయ్యా. ఈసారి కాస్త పనికొచ్చేది గెలవండి."

ఆ మాటలో తప్పేం లేదు. నా కథలకు ఇంతవరకు వచ్చినవన్నీ వస్తువులే. ముందు గదిలో రెండు, వంటింట్లో ఒకటి, గోడ గడియారాలు. మూడూ మూడు వేళలు చెబుతాయి. ఒక ఫ్లాస్కు, అంచు పెచ్చులేచిన గాజు గిన్నెల సెట్టు. డబ్బు మాత్రం ఎప్పుడూ రాలేదు. ఒకసారి పత్రిక ఆఫీసుకు వెళ్ళి అడిగితే ఎడిటరు గారు కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి, "ఈ వయసులో పేరు అచ్చులో చూసుకోవడం కన్నా ఏం కావాలమ్మా?" అన్నారు. కళ్ళజోడు మార్చుకోవాలండీ అని నోటిదాకా వచ్చింది. ఆ నీళ్ళతో పాటే మింగేశాను. కళ్ళజోడుకు కొడుకును అడగొచ్చు. ఇస్తాడు. ఇచ్చేముందు "పాతదానికేమైంది?" అంటాడు. ఆ ప్రశ్న వినకుండా ఒక్క వస్తువైనా కొనుక్కోవాలని నా కోరిక.

మా ఆయన ఉన్నప్పుడూ అంతే. "నీకేం కావాలో చెప్పు, తెస్తాను" అనేవారు. చెబితే "అదెందుకిప్పుడు?" అనేవారు. చదువు నేర్చుకుంటానంటే కూడా అదే మాట. ఆయన పోయాక కాగితాల పని పడి ఆఫీసులకు తిరిగినప్పుడు, గుమాస్తా నా బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దుతుంటే ఆ వేలు నాది కానట్టు ఉండేది. అప్పుడే మా వీధి టీచరమ్మ దగ్గర సాయంత్రాలు కూర్చుని అక్షరాలు దిద్దాను. రాయడం వచ్చాక, రాయడానికి నాలో ఎంత ఉందో తెలిసింది. తీరికే లేదు. ఒక పూటంతా బట్టలకే సరి. కొడుకువి, కోడలివి, మనవరాలివి, చివర్లో నావి. బండ దగ్గర నుంచి లేచేసరికి వేళ్ళు ఉబ్బి కలం జారిపోతుంది.

అందుకని ఆ మెషీన్ మీద నాకు ఆశ లేదంటే అబద్ధం. పత్రికతో కలిసి పోటీ పెట్టిన దుకాణానికి నేనే వెళ్ళాను. మేనేజరు దాన్ని ఖాళీగా తిప్పి చూపించాడు. గుండ్రటి అద్దం వెనక ఏమీ లేదు, వట్టి తిరగడమే. అయినా చూస్తూ నిలబడిపోయాను. ఆ అద్దంలో నాకు నా పొద్దుటిపూట కనబడింది. ఒక వస్తువును అంతగా కోరుకోవడం నాకు తెలిసి అదే మొదలు. ఇంటికి రాగానే పెరట్లో దాన్ని ఏ మూల పెట్టాలో కూడా చూసుకున్నాను.

"కథ ఎలా ఉండాలి బాబూ?" అని అడిగితే మేనేజరు చెప్పాడు. "మీ ఇష్టమమ్మా. మధ్యలో ఎంత ఏడిపించినా పర్లేదు. చివర్లో మాత్రం మెషీన్ ఇంటికి రావాలి, అందరూ నవ్వాలి."

ఆ రాత్రి రాయడానికి కూర్చుంటే ఏడిపించడం సులువుగానే అయిపోయింది. కథలో మెషీన్‌ను ఇంటికి తెచ్చాను. అందరూ చుట్టూ చేరారు. ఇక కథలో అత్తగారు హాయిగా కూర్చోవాలి. ఆమెకు కిటికీ పక్కన కుర్చీ వేశాను. కానీ విడిచిన బట్టలు గదులన్నీ తిరిగి ఏరాలి కదా, ఎవరు ఏరతారు? జేబులు తడమాలి, తెల్లవి వేరు చేయాలి. ఉతికినవి ఆరేయాలి, మబ్బు పడితే పరుగెత్తాలి, మడత పెట్టాలి, ఎవరి అలమరలో వాళ్ళవి సర్దాలి. ప్రతిసారీ ఆమే లేచింది. నేను వేసిన కుర్చీ ఖాళీగానే ఉంది. సరే, కొడుకు చేత బుట్ట ఎత్తిద్దామనుకున్నాను. వాడు లేవలేదు. లేచాడని రాస్తే నన్నెవరు ఆపుతారు? రాశాను కూడా. చదువుకుంటే నాకే నమ్మకం కలగలేదు, కొట్టేశాను. కోడలి వైపు చూస్తే ఆమె అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతోంది. లేపడానికి మనసొప్పలేదు. తిరిగి తిరిగి కొడుకు దగ్గరికే వచ్చాను. కలం చేతిలో ఉండి కూడా వాడి చేత ఒక బుట్ట మోయించలేకపోయాను. అలాంటప్పుడు మెషీన్ వచ్చి నన్ను కుర్చీలో కూర్చోబెడుతుందని ఎలా అనుకున్నాను?

మర్నాడు పొద్దున్నే ఎడిటరు గారికి ఫోను చేశాను. "పోటీకి పంపడం లేదండీ. కథ వేరే దారి పట్టింది. వేసుకుంటే ఎంతిస్తారు?"

"అలా ముందే ఎవరూ అడగరమ్మా."

"నేను అడుగుతున్నాను కదండీ."

"పంపండి, చూద్దాం."

"చూద్దాం అంటే ఎంతండీ?"

చివరికి ఒక అంకె చెప్పారు. దానికి కళ్ళజోడులో ఒక అద్దం వస్తుందేమో. ఒప్పుకున్నాను. రెండో అద్దానికి ఇంకో కథ రాస్తాను.

పెరట్లోకి వెళ్ళి, నానబెట్టిన బకెట్లోంచి నా బట్టలు మాత్రం తీసుకున్నాను. ఉతికి, ఆరేసి, చేతులు తుడుచుకుని వస్తే ఏ గడియారంలోనూ ముల్లు పెద్దగా కదల్లేదు. నా బట్టలు ఇంతేనా అనుకున్నాను. వీటికి మెషీన్ ఎందుకు? భోజనాల బల్ల దగ్గర కాగితాలు పరుచుకుని కూర్చున్నాను.

"అమ్మా, నా నీలం చొక్కా ఏది?" అంటూ వచ్చాడు మా అబ్బాయి.

"నానబెట్టిన చోటే ఉంది."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది నాన్నా. రాసుకుంటున్నాను."

"మెషీన్ కథేనా?"

"మెషీన్ రావడం లేదు."

వాడు నావైపు చూశాడు, తర్వాత తల దువ్వుకుంటున్న పెళ్ళాం వైపు చూశాడు. "నన్ను చూడకండి," అంది కోడలు అద్దంలోంచే. "నాకూ ఆఫీసు టైమైంది."

కాసేపటికి చెప్పుల చప్పుడు పెరట్లోకి వెళ్ళింది. కుళాయి తిరిగింది, ఆగింది.

"అమ్మా, సబ్బు ఎక్కడుంటుంది?"

ఈ ఇంట్లోనే పుట్టి పెరిగిన మనిషి. ముందు ఆ మాటను కాగితం మీద పెట్టాను. ఆ తర్వాత చెప్పాను.