పొదిగినంత కాలం

తెల్లారగానే ఆమె చేసే మొదటి పని పెరటి తలుపు తీసి పిచ్చుక పెట్టెల వంక చూడటం. ఏదో ఒక పెట్టెలోకి పిట్ట ముక్కున పురుగుతో దూరితే చాలు, ఆ రోజుకి నాన్నకి ఢోకా లేదన్నమాట. ఆ తర్వాతే నీళ్లు కాచడం, నాన్నని ఒక పక్కకి ఒత్తిగిలబెట్టి తడిసిన దుప్పటి లాగెయ్యడం, వీపు తుడిచి పౌడరు చల్లడం, పాలలో నానబెట్టిన రొట్టె చెంచాతో పెట్టడం. అన్నీ అయ్యాక కుట్టుమిషను ముందు కూర్చునేది. బట్టల షాపువాళ్లు పంపిన ప్యాంట్లకి అంచులు కుట్టాలి. ఒక కాలి అంచు పూర్తయ్యేలోపే మంచం మీంచి మూలుగు వినిపించేది. మళ్లీ లేచేది.

పెరట్లోని పెట్టెల్లో గుడ్డో పిల్లో ఉన్నంత కాలం ఆ ఇంట్లో ఎవరూ పోరు. ఇది వీధంతా ఎరిగిన సంగతే. పక్కింటి టీచరుగారు గోడ మీంచి "మీ నాన్నగారికి ఎలా ఉంది?" అని అడిగేది కాదు, "పొదుగుతున్నాయా?" అనేది. డాక్టరుగారు కూడా నాడి పట్టుకోకముందే "పెట్టెల్లో ఏమైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగి, ఉన్నాయంటే నొప్పికి మాత్రలు రాసి, బ్యాగు సర్దుకుని వెళ్లిపోయేవాడు.

అమ్మ ఉన్నప్పుడు ఒకటే పెట్టె ఉండేది. అందులో పిల్లలు ఎగిరిపోయి ఇంకో జత వచ్చి చేరేలోపు, ఆ కాస్త సందులో అమ్మ వెళ్లిపోయింది. తమ్ముడికి అది గుండెలో ముల్లయింది. వాడిది తలుపులూ కిటికీలూ చేసే వర్క్‌షాపు. నాన్న మంచం పట్టిన దగ్గర్నుంచి ఆదివారం వస్తే చాలు, ఒక పెట్టె తెచ్చి బిగించేవాడు. వాడి పనికి వంక పెట్టడానికి లేదు. లోపల రంగు తగలని చెక్క, బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుడితే ఎంతో అంతే కన్నం, పిల్లి కాలు ఆనడానికి పుల్లముక్కయినా లేని నున్నటి ముఖం. పిల్లలు ఎగిరిపోయిన పెట్టెని వెంటనే దించి, పాత గూడు లాగి, వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి మళ్లీ తగిలించేవాడు. ఒకటి ఖాళీ అయ్యేసరికి ఇంకోదాంట్లో గుడ్లుండేవి. చావుకి సందు దొరకలేదు. నాన్నకీ దొరకలేదు.

పనయ్యాక చేతులు కడుక్కుని, గది గుమ్మంలోంచే "నాన్నా, బావున్నావా?" అని కేకేసి, నిలబడే టీ తాగి బయల్దేరేవాడు. "నాన్న జాగ్రత్త అక్కా" అనడం మాత్రం ఎప్పుడూ మర్చిపోలేదు. ఆమె "ఊఁ" అనేది. అంతకంటే పెద్ద మాటకి ఓపిక ఉండేది కాదు.

ఒకరోజు దుప్పటి మారుస్తుంటే నాన్న ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆయన ఒకప్పుడు లిఫ్టు మెకానిక్కు.

"ఎంతమందిని బయటికి తీశానో తెలుసా తల్లీ? రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నవాడు పైకా కిందికా అని చూసుకోడు. తలుపు తెరుచుకుంటే చాలనుకుంటాడు."

"అలాంటి మాటలొద్దు నాన్నా."

"మరి ఎవరితో చెప్పను? ఆ పిట్టతోనా?"

ఆమె దుప్పటి అంచులు పరుపు కిందికి దోపింది.

మర్నాడు మిషను మీదే కునుకు పట్టింది. కాలు తొక్కుతూనే ఉంది. సూది చూపుడువేలి గోట్లోంచి దిగింది. నొప్పికి మెలకువ రావడానికి కూడా కాస్త ఆలస్యమైంది. డాక్టరుగారు కట్టు కట్టి, ఆ చేత్తో బరువెత్తొద్దన్నాడు. ఆమె తమ్ముడికి ఫోన్ చేసింది.

"అయ్యో! ఎవరినైనా నర్సుని పెడదాం అక్కా."

"నర్సు కాదు. నువ్వు రా."

"షాపు ఉంది కదా..."

"మూసెయ్."

అక్క గొంతులో అంత గట్టి మాట వాడెప్పుడూ వినలేదు. సాయంత్రానికల్లా బట్టల సంచితో దిగాడు.

మొదటిరోజు "ఇదేముంది, రెండు తలుపులు మోసినంత పని" అన్నాడు. మర్నాటికి నడుం పట్టుకున్నాడు. ఆ తర్వాతి రోజు నాన్నని ఒత్తిగిలబెట్టబోయి చెయ్యి పడకూడని చోట వేశాడు. నాన్న పెట్టిన కేకకి పెరట్లో పిచ్చుకలన్నీ లేచిపోయాయి. తుంటి దగ్గర అరచేతంత పుండు.

"ఇది ఎప్పట్నుంచి?"

"గోడవారి పెట్టెలో పోయినసారి పిల్లలు ఎగిరినప్పట్నుంచి" అంది ఆమె.

"నాకు చెప్పలేదేం?"

"నువ్వు గది గుమ్మం దాటితే కదరా."

వాడు వేడినీళ్లు తెచ్చాడు. పుండు కడిగాడు. మెల్లగా, నొప్పి పుట్టకుండా కడిగాడు. నాన్న కళ్లు మూసుకునే అన్నాడు: "నీ చేతిపని మంచిదిరా. అదే వచ్చిన చిక్కు."

తమ్ముడు పెరట్లోకి వెళ్లి చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత నిచ్చెన తీసుకుని, ఖాళీగా ఉన్న పెట్టెల కన్నాల్లో ఒక్కోదాంట్లోనూ గుడ్డపీలిక కుక్కాడు. గోడవారి పెట్టె దగ్గర ఆగాడు. అన్నిట్లోకీ అదొక్కటే ఖాళీగా లేదు, లోపల పిల్లలు కిచకిచమంటున్నాయి.

"దీని జోలికి పోను" అన్నాడు, వెనకాల వచ్చి నిలబడ్డ అక్కతో. "వాటి టైముకి అవి పోతాయి."

ఆమె మెట్టు మీద కూలబడింది. "రోజూ పొద్దున్నే పెట్టెలకేసి చూస్తాను కదా, ఎందుకనుకున్నావు? ఒక్కరోజైనా పిట్ట రాకుండా ఉంటుందేమోనని. నాన్న మీద ప్రేమ లేక కాదురా."

వాడు నిచ్చెన దిగి పక్కన కూర్చున్నాడు. "ఇన్నాళ్లు పట్టిందా నీకు? నేను మూడోరోజే అనుకున్నానక్కా."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆమె పైట కళ్లకి అద్దుకుంది.

ఆ తర్వాత ఎవరూ ఎవరినీ తొందరపెట్టలేదు. తల్లిపిట్టా తండ్రిపిట్టా పురుగులు మోస్తూనే ఉన్నాయి. తమ్ముడు దుప్పట్లు ఉతుకుతూనే ఉన్నాడు. పిల్లలు కన్నంలోంచి తలలు బయటపెట్టడం మొదలయ్యాక, నాన్న పెరట్లోకి తీసుకెళ్లమన్నాడు. తమ్ముడు ఆయన్ని చేతుల మీద ఎత్తుకెళ్లి వాలుకుర్చీలో కూర్చోబెట్టాడు.

ఆ ఉదయం ఒకదాని వెనక ఒకటి ఎగిరిపోయాయి. ఆఖరిది మాత్రం తల బయటపెట్టి అలాగే ఉండిపోయింది. తల్లి గోడ మీంచి పురుగు చూపించి ఎంత పిలిచినా కదల్లేదు.

"దూకవేం?" అన్నాడు తమ్ముడు.

"గద్దించకురా. భయమేస్తుంది మరి" అన్నాడు నాన్న. పిట్టపిల్ల వైపు తిరిగి, "పర్లేదమ్మా. రెక్క విప్పితే గాలే పట్టుకుంటుంది" అన్నాడు.

అది దూకింది. తిన్నగా పోలేక కంచె మీద పడి, అక్కణ్నుంచి గోడ మీదికి ఎగబాకి, తల్లి వెనకే వెళ్లిపోయింది. గోడ అవతల బట్టలు ఆరేస్తున్న టీచరుగారు ఒక్క క్షణం ఆగి చూసింది. లోపలికి వెళ్లి రేడియో కట్టేసింది.

"కాస్త టీ ఉందా?" అన్నాడు నాన్న.

తమ్ముడు తెచ్చి, సాసరులో పోసి చల్లార్చి, చెంచాతో పట్టసాగాడు. ఆమె మెట్టు మీద గోడకి జారబడి, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"లేపకు" అన్నాడు నాన్న.

"లేపను."

సగం టీ అయింది. చెంచా మళ్లీ పెదవులకి ఆనిస్తే అవి తెరుచుకోలేదు. తమ్ముడు కాసేపు చెంచా అలాగే పట్టుకున్నాడు. తర్వాత సాసరు కింద పెట్టి, నాన్న కళ్లు మూసి, జారిన చేతిని ఒళ్లోకి చేర్చాడు. అక్క వంక చూశాడు. ఇన్నేళ్లలో ఆమె నిద్రపోతుండగా వాడెప్పుడూ చూడలేదు. ఎండ మెట్ల మీదుగా పాకి ఆమె మొహం దాకా వస్తోంది. వాడు లేచి వెళ్లి, ఎండ ఆమె కళ్ల మీద పడకుండా అడ్డంగా నిలబడ్డాడు. తనంతట తాను లేచేదాకా అలాగే నిలబడ్డాడు.