ఏమీ అనని షాంపూ

తల మురికైతే కడుక్కోవడానికి వారం చూడాలా అన్న అనుమానం నాకు పెళ్లయిన కొత్తలో వచ్చింది. ఇన్నేళ్లయినా పోలేదు. ఎవరినీ అడగలేదు. దేవుణ్ణి నమ్మినదాన్ని, అడిగితే నమ్మకం లేనిదాన్నంటారేమోనని భయం. మా పూజగదిలో జానెడు ఎత్తు పంచలోహపు అమ్మవారి విగ్రహం ఉంది. రోజూ పొద్దున్నే నేనే ఆవిడ నెత్తిన చెంబుడు నీళ్లు పోసి, నిన్నటి పసుపు కడిగి, పొడిగుడ్డతో తుడిచి బొట్టు పెడతాను. సోమవారమైనా సరే, మంగళవారమైనా సరే. ఆవిణ్ణి ఎవరూ, "ఏమ్మా, మొన్ననేగా పోసుకున్నావు, మళ్లీ ఏమిటి?" అని అడగరు. నన్ను అడుగుతారు.

నాది జిడ్డు తల. చిన్నప్పట్నుంచీ అంతే. మాది ఉయ్యూరు. చెరుకు ఆడే రోజుల్లో పంచదార ఫ్యాక్టరీ గొట్టంలోంచి నల్లటి నుసి లేచి, ఆరేసిన బట్టల మీదా మా తలల మీదా రాలేది. ఎప్పుడు రాలితే అప్పుడు మా అమ్మ కుంకుడుకాయలు కొట్టి, వేణ్ణీళ్లలో పిసికి తలంటేది. కళ్లు మండుతున్నాయని ఏడిస్తే చిటికెడు ఉప్పు నోట్లో వేసేది. వారం మాట మా ఇంట్లో విన్నట్టు గుర్తు లేదు. బెజవాడ సత్యనారాయణపురంలో కాపురానికి వచ్చాక వారానికి నా తలకి ఒకే రోజు మిగిలింది. "ఐదోతనం ఉన్నది శుక్రవారమే పోసుకోవాలమ్మాయ్" అన్నారు అత్తగారు. మిగిలిన వారాల్లో ఒకటి మొగుడికి మంచిది కాదు, ఒకటి పుట్టింటికి మంచిది కాదు, ఒకటి ఇంటికే మంచిది కాదు. శుక్రవారం పోసుకుంటే శనివారం పొద్దున ఆవిడే కూర్చోబెట్టి కొబ్బరినూనె పట్టించేవారు, చెంపల మీదికి కారేదాకా. ఆదివారానికి నుదురు మెరిసేది. మంగళవారానికి జడ మొదట్లో వేలు పెడితే నెయ్యిలో పెట్టినట్టుండేది. ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా అయిన మా వారు వెంకటసుబ్బారావుగారు పొద్దున లేస్తూనే అనేవారు: "రత్నం, ఆ దిండు గలీబు చూశావా? పకోడీలు పొట్లం కట్టిన కాయితంలా ఉంది." అని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. గలీబు తీసి నానబెట్టేదాన్ని. గలీబుకి వారం లేదు.

తలకి పోసుకోవడం అన్న మాటకి మా వైపు ఇంకో అర్థం కూడా ఉంది. నెలసరి వచ్చిన రోజున ఒకసారి, నాలుగో రోజున ఒకసారి తలమీద నీళ్లు పోసుకోవాలి. అందుకని శుక్రవారం కాని రోజున కోడలి జుట్టు తడిగా కనిపిస్తే దానికి వేరే కారణం ఉండదు. అది కబురు. తీగ మీద ఆరేసిన తువ్వాలు చూసి పక్కవాటా వాళ్లు కూడా చదువుకుంటారు. పెళ్లయి మూడో ఏడు నడుస్తున్నా నాకింకా కడుపు పండలేదు కాబట్టి మా ఇంట్లో ఆ కబురు కోసం ఎదురుచూసేవాళ్లు, రాకూడదని. వచ్చినప్పుడల్లా అత్తగారు, "అయితే ఈ నెలా లేదన్నమాట" అని గోడకి చెప్పినట్టు చెప్పేవారు. గోడ పల్చన.

తొంభైల మొదట్లో, ఒక మే నెల బుధవారం. రోళ్లు పగిలే ఎండ. వంటింట్లో నిలబడితే నూనె, చెమట కలిసి చెవుల వెనక నుంచి కారుతున్నాయి. తల దురద. గోళ్లతో గీరితే గోళ్ల నిండా జిడ్డు. నాకు ఆ నెల తేదీ దాటిపోయి కొన్ని రోజులైంది. ఎవరికీ చెప్పలేదు. అంతకుముందు రెండుసార్లు చెప్పి, మళ్లీ కాదని చెప్పాల్సి వచ్చింది. ఇంకొన్నాళ్లు ఆగుదామనుకున్నాను. అత్తగారు కునుకు తీస్తుంటే వీధి చివర కొట్టులో దండలా వేలాడుతున్న షాంపూ పొట్లాల్లోంచి ఒకటి చింపించుకుని తెచ్చి పోసుకున్నాను. అది గట్టిది. తల కరకరలాడింది, చర్మం మండింది. అయినా హాయిగా ఉంది. మా అమ్మ తలంటాక ఉన్నట్టు తల తేలిగ్గా ఉంది. జుట్టు విరబోసుకుని పెరటి గుమ్మంలో నిలబడ్డాను. అత్తగారు లేచి వచ్చి చూశారు.

"అయితే ఈ నెలా..." అని పూర్తి చెయ్యకుండా కూలబడి ఏడ్చారు.

సాయంత్రం ఆయన వచ్చాక చెప్పారు. ఆయన కాఫీ తాగకుండా గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను దగ్గరికి వెళ్లి, "ఏమండీ, నేను బయట చేరలేదండీ" అన్నాను.

"మరి తలకెందుకు పోసుకున్నావు?"

"మురికిగా ఉంటేనూ."

"బుధవారమా?"

గుమ్మంలోంచి అత్తగారు, "పోనియ్యిరా, సిగ్గుపడుతోంది" అన్నారు.

ఆ మాటతో అయిపోయింది. నేను ఇంకోసారి చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు. కారణం అదొక్కటే ఉంది, అది వాళ్లకి కారణం కాదు. అత్తగారు పూజగది తలుపు దగ్గరికి వేసి, ఈ నాలుగు రోజులూ నేనే చూసుకుంటానన్నారు. అమ్మవారు లోపల, నేను బయట. నేను బయట లేనని మా ఇంట్లో ఆవిడ ఒక్కతికే తెలుసు. వంటింటికి, పూజకి పనికిరాని రోజుల్లో ఆడది పెరటి పనికి పనికొస్తుంది. ఎలాగూ మైలే కదా అని బొంతలు, దుప్పట్లు, పరదాలు అన్నీ తీసి ఉతకమని నా ముందు వేశారు. చేతిపంపు కొట్టి, బకెట్లు మోసి, బండ మీద బాది ఆరేశాను. మూడు రోజులు అదే పని. నాలుగో రోజున పంపు దగ్గరే పడిపోయాను.

ఇంట్లో వాళ్లకి అందులో వింతేమీ కనిపించలేదు. నాలుగో రోజు కదా, నీరసం అనుకున్నారు. చూసింది పక్కవాటా తెరేసమ్మగారు. పురిటి ఆస్పత్రిలో ఆయాగా చేసేవారు. నా చీర చూసి, నా మొహం చూసి, "ఇది నెలసరి కాదు, రిక్షా పిలవండి" అన్నారు. ఆస్పత్రిలో డాక్టరమ్మగారు కడుపు పోయిందని చెప్పి, బరువు మొయ్యకపోయినా జరిగి ఉండొచ్చు, చెప్పలేం అన్నారు. ఇంటికొచ్చాక అత్తగారు, బుధవారం పోసుకుంది కాబట్టే అన్నారు. అప్పటి నుంచి ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నేను కూడా ఎత్తలేదు. ఏడవాలనిపించలేదు. వేలు తెగితే కాసేపు నొప్పి తెలియదు చూడండి, ఆ కాసేపు అలాగే ఉండిపోయింది.

వారం తర్వాత తెరేసమ్మగారు వచ్చి, నా జుట్టు పట్టుకు చూసి, పెరట్లో పీట వేసి కూర్చోబెట్టారు. ఆస్పత్రిలో చంటిపిల్లలకి వాడే షాంపూ సీసాలో కొంచెం మిగిలితే తెచ్చారట. నీళ్లలా పల్చగా ఉంది. గోళ్లు తగలకుండా వేళ్ల కొసలతో రుద్దారు. కళ్లలో పడినా మండలేదు. నేను కళ్లు తెరిచే ఉంచాను.

"ఎందుకండీ మీకీ శ్రమ?" అన్నాను.

"నీ తల మురికిగా ఉందే. అందుకే."

అంత మామూలుగా ఆ మాట అంతకుముందు నాతో ఎవరూ అనలేదు. మీ రుణం ఎలా తీర్చుకోనండీ అంటే, "నా తల మురికైన రోజున కబురు చేస్తాలే, వచ్చి తీర్చుకో" అని నవ్వారు. ఆవిడ వెళ్లాక అత్తగారు ఆవిడ ముట్టుకున్న మా ఇత్తడి చెంబుని చింతపండు పెట్టి నాచేతే తోమించారు. "వాళ్లకేం, వారాలా వర్జ్యాలా" అన్నారు. తోముతూ అనుకున్నాను, అవును, లేవు.

తర్వాత తెరేసమ్మగారు గుణదలలో సొంత గది వేసుకుని వెళ్లిపోయారు. ఇంకో రెండేళ్లకి నాకు మణికుమార్ పుట్టాడు. ఇప్పుడు హైస్కూల్లో చదువుతున్నాడు. వాడిదీ నా తలే. రోజూ బడికి వెళ్లేముందు అరచేతినిండా షాంపూ పోసుకుని తల కడుగుతాడు. బాత్రూం అంతా నురగ. వాళ్ల నాన్నమ్మ తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. "ఏం నాన్నా, బుధవారం" అని ఒక్కసారైనా అనలేదు. వాడి జుట్టు తడి ఎవరికీ ఏ కబురూ చెప్పదు.

ఆమధ్య వాడి మొటిమలకని ఏలూరు రోడ్డులో చర్మం డాక్టరమ్మగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ వాడికి మందు రాసిచ్చి, నా నుదుటి మీద జుట్టు మొదట్లో ఉన్న ఎర్రటి పొక్కులు చూసి, "మీ సంగతేమిటి?" అన్నారు. నా సంగతంటూ ఒకటి ఉందని నాకు తట్టలేదు. దగ్గరికి పిలిచి జుట్టు పాయలు తీసి చూశారు. తలకి నూనె పెట్టొద్దు, మీ తలలోంచే కావలసినంత వస్తోంది, అది మురికీ కాదు మీ తప్పూ కాదు అన్నారు. గట్టివి కాకుండా మెత్తటి షాంపూతో రోజు విడిచి రోజు తలస్నానం చెయ్యమన్నారు.

"రోజు విడిచి రోజా అండీ?"

"ఏం, మీకు నీళ్లు రావా?"

"వస్తాయండీ" అన్నాను.

బీసెంటు రోడ్డులో పెద్ద కొట్టుకి వెళ్లాను. ఇంటిల్లిపాదికీ సబ్బులు, పేస్టులు నేనే కొంటాను, నా కోసం అని అడిగి కొన్నది లేదు. బల్ల వెనకాయన ఒకదాని తర్వాత ఒకటి పెట్టాడు. చుండ్రుకి ఒకటి, నల్లదనానికి ఒకటి, గుడ్డు వేసింది ఒకటి. "ఇది తీసుకోండమ్మా, ఒక్కసారికే తల కరకరలాడుతుంది" అన్నాడు. ఆ కరకర నాకు గుర్తుంది. వద్దన్నాను.

"మరి ఎలాంటిది కావాలమ్మా?"

"జిడ్డు తలకండీ. మెత్తగా ఉండాలి."

"మెత్తగా అంటే?"

నాకు సరైన మాట దొరకలేదు. "రోజు విడిచి రోజు పోసుకున్నా ఏమీ అననిది" అన్నాను.

ఆయన నవ్వి లోపలి అరలోంచి ఒక సీసా తీశాడు. మూత తిప్పి వాసన చూశాను. ఘాటు లేదు. పక్కకి వంచితే నీళ్లలా కదిలింది. మా పెరట్లో పీట మీద కూర్చున్నట్టు అనిపించింది. అదే ఇమ్మన్నాను. ఇంటికి తెచ్చి బియ్యం డబ్బా వెనక పెట్టాను. శుక్రవారం దాకా ఆగుదామనుకున్నాను. డాక్టరమ్మగారు చెప్పినా, సీసా కొన్నా, నేను శుక్రవారానికే చూస్తున్నాను.

మంగళవారం సాయంత్రం ఫోను మోగింది. "రత్నం, నా తల మురికైందే" అంది ఫోనులో గొంతు. ముందు అర్థం కాలేదు. తర్వాత తెరేసమ్మగారు నవ్వడం వినిపించింది. చర్చి మెట్ల మీద జారి కుడిచేయి విరిగిందట, కట్టు కట్టారట. కోడలు పొద్దున పోతే రాత్రికి గానీ రాదు. "ఒంటిచేత్తో పోసుకోలేక జుట్టు చాపలా అయింది. గుర్తుందా బాకీ?"

"రేపు వస్తానండీ" అన్నాను. పెట్టేశాక గుర్తొచ్చింది రేపు బుధవారమని.

పొద్దున్నే బియ్యం డబ్బా వెనక నుంచి సీసా తీసుకుని ముందు నేను పోసుకున్నాను. వేళ్ల కొసలతో మెల్లగా రుద్దుకున్నాను. ఏమీ మండలేదు. జుట్టు కట్టుకోకుండా, తువ్వాలు చుట్టుకోకుండా, నీళ్లు వీపు మీద కారుతుండగా పూజగదివైపు నడిచాను. అత్తగారు వరండాలో వత్తులు చేసుకుంటున్నారు.

"అమ్మాయ్! తలకి పోసుకున్నావా? వేళ కాదే నీకు?" ఆవిడకి నా లెక్క ఇంకా తెలుసు. "ఆగు, లోపలికెక్కడికి?"

"నేను బయట లేనండీ అత్తయ్యగారూ. తల మురికైతే కడుక్కున్నాను."

"బుధవారమా?"

"బుధవారమేనండీ."

మా వారు పేపరు దించి నావైపు చూశారు, తర్వాత వాళ్లమ్మవైపు చూశారు. ఆవిడ నోరు తెరిచారు గానీ, ఈసారి సిగ్గుపడుతోందిలే అనడానికి వీలు లేకపోయింది. నేను లోపలికి వెళ్లి అమ్మవారి నెత్తిన చెంబుడు నీళ్లు పోశాను. నా జుట్టు చివర్ల నుంచి రెండు చుక్కలు ఆవిడ పాదాల మీద పడ్డాయి. తుడవలేదు.

సిటీబస్సులో గుణదల చేరేసరికి నా జుట్టు సగం ఆరింది. తెరేసమ్మగారు బాగా తగ్గిపోయారు. పెరట్లో కుర్చీ వేసి, కట్టు తడవకుండా చేతికి ప్లాస్టిక్ సంచి చుట్టి, వెనక్కి వాలమన్నాను. చెంబు నేను ఇంటి నుంచే తెచ్చాను, ఆ ఇత్తడి చెంబే. జుట్టు నిజంగానే చాపలా ఉంది. తెల్లబడిన పాయలు ఒక్కొక్కటీ విడదీసి, నీళ్లు పోసి, సీసా వంచాను. నురగ మెల్లగా వచ్చింది.

ఆవిడ నా తడిజుట్టు చూసి, "ఇవాళ బుధవారం కదే" అన్నారు. నేను వేళ్ల కొసలతో మెల్లగా రుద్దుతున్నాను. ఆవిడ కళ్లు మూసుకుని, "ఎందుకే నీకింత శ్రమ, ఎండలో పడి వచ్చావు" అన్నారు.

"మీ తల మురికిగా ఉందండీ" అన్నాను. "అందుకే."