చివరి పాట, మొదటి చరణం

చిన్నకోడలు వెల్లుల్లి ఒలుస్తోంది. భర్త వంటగది గుమ్మంలోకి వచ్చి, చేతిలో ఫోనులో వీడియో ఇంకా మోగుతూండగానే, "ఈ ఏడాది మనింటికి క్రిస్మస్ నక్షత్రం కట్టేది లేదు. అది అన్యుల ఆచారం," అన్నాడు.

ఆయనకి వీధిలో వచనం గారని పేరు. కూర చప్పగా ఉన్నా, బస్సు ఆలస్యమైనా, అందుకు తగిన వచనం ఒకటి బైబిల్లోంచి తీసి చెప్తాడు. కరెంటు ఆఫీసులో ఉద్యోగం, చర్చి సంఘంలో పెద్దరికం. చెడ్డవాడేం కాదు. ఈమధ్య ఎవరో బోధకుడి వీడియోలు తెగ చూసి, క్రిస్మస్ చెట్టూ, నక్షత్రమూ, చివరికి ఆ తారీఖు కూడా సూర్యుణ్ణి కొలిచిన పూర్వకాలపు వాళ్ళ దగ్గర్నించి వచ్చినవేనని తేల్చుకున్నాడు. ఇన్నాళ్ళూ దేవుడి పేరు చెప్పి ఎవరి పండగ చేశామోనని నిజంగానే బెంగపెట్టుకున్నాడు పాపం.

"మరి భోజనాలు?" అని అడిగింది ఆమె.

"భోజనాలకేం? అది సహవాసం. సంఘం వాళ్ళు నలభై మందీ ఎప్పట్లాగే వస్తారు. కేకు మాత్రం కాస్త పెద్దది చెయ్యి. పోయినసారి చాల్లేదు."

విన్నారుగా. చెట్టు అన్యులది, చుక్క అన్యులది, కేకు మాత్రం పరిశుద్ధం! ఆమె నడుం విరిచే పనులన్నీ సహవాసంలోకి వెళ్ళాయి. ఆమె మనసుకి నచ్చిన పని ఒక్కటుంటే అది అన్యాచారంలోకి పోయింది. ఏం విడ్డూరమో, ఏ ఇంట్లో చూసినా తగ్గించుకోవాల్సి వస్తే ముందు ఆడదాని సరదాయే కనిపిస్తుంది. ఆమె వెల్లుల్లి పొట్టు ఊడ్చి చెత్తబుట్టలో పోసింది.

నక్షత్రం చెయ్యడం ఆమెకి తండ్రి నేర్పాడు. ఆయన దుకాణాలకి బోర్డులు రాసేవాడు. తీగ ఎలా వంచాలో, రంగు కాగితం ముడత పడకుండా జిగురు ఎలా రాయాలో, లోపల బల్బు ఎక్కడ కడితే వెలుగు కొసలదాకా పాకుతుందో ఆయన దగ్గరే తెలుసుకుంది. పుట్టింటి నించి తెచ్చుకున్న చీరలు చిరిగిపోయాయి, గిన్నెలు సొట్టలు పోయాయి, ఈ విద్య ఒక్కటే చెక్కుచెదరలేదు. ఏడాదికి రెండు సాయంత్రాలు మేడమీద ఒక్కతే కూర్చుని చేసుకునేది. ఆ రెండు సాయంత్రాలూ ఆమెని ఎవరూ పిలవరు. "దేవుడి పనిలో ఉంది, ఉండనివ్వండి," అని అత్తగారే అడ్డం పడేది. మిగతా రోజుల్లో ఆ మాట ఆమెకి ఎక్కడ దొరుకుతుంది? పెద్దకోడలు వేరే ఊళ్ళో ఉంటుంది కాబట్టి, పిలుపుకే ఈమె చిన్నకోడలు, పనికి మాత్రం ఇద్దరు కోడళ్ళూ తనే. పగలు పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుంటుంది. ఫోన్లూ, బిల్లులూ, నొప్పికి ఏడ్చేవాళ్ళని ఊరుకోబెట్టడమూ కాక, "ఎలాగూ ఖాళీయేగా" అంటూ డాక్టరు గారు టీ కూడా ఆమె చేతే పెట్టించుకుంటాడు. ఇంటికొస్తే ఇక్కడ వేరే పాట. "రోజంతా కుర్చీలో కూర్చుని వస్తావు, కాసేపు నిలబడి వంట చేస్తే ఒంటికి మంచిదే," అన్నాడు భర్త ఒకసారి చుట్టాల ముందు. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ తనమీద తనకే ఒళ్ళు మండుతుంది.

ఆ రెండు సాయంత్రాలు కూడా పోతే ఏడాది పొడుగునా తనకంటూ మిగిలేది ఏమిటి? మర్నాడు క్లినిక్కులో ఫోన్లకీ ఫోన్లకీ మధ్య అదే ఆలోచన. ఆయన అన్నిటికీ వచనం చూపిస్తాడు కదా, నేనూ చూద్దాం అనుకుని ఫోనులో సువార్త తెరిచింది. చిన్నప్పట్నించీ వింటున్న కథే. తూర్పు దేశపు జ్ఞానులు చుక్కని చూసి బయల్దేరిన చోట ఆగి, మళ్ళీ చదివి, పైకే నవ్వేసింది. ఎదురుగా దవడ వాచిపోయి కూర్చున్న పెద్దాయన మొహం ముడుచుకుని, తన బుగ్గ చూసేనా ఆ నవ్వు అని అడిగాడు. కాదండీ బాబూ, పాతకాలం పెద్దమనుషులు కొందరు గుర్తొచ్చారని చెప్పి ఆయనకి మంచినీళ్ళిచ్చింది.

ఆ వారం ప్రార్థన కూడిక వాళ్ళింట్లోనే. వచనం గారు నక్షత్రం సంగతి అందరికీ చెప్పి, మిగతావాళ్ళు కూడా ఆలోచించుకోవాలన్నాడు. కొందరు తలూపారు, కొందరు టీ కప్పుల్లోకి చూశారు. చిన్నకోడలు ఖాళీ పళ్ళెం గుండెలకి ఆనించుకుని నిలబడింది.

"నాకో సందేహం. తూర్పు నించి వచ్చిన ఆ జ్ఞానులు దేవుణ్ణి ఎరిగినవాళ్ళేనాండీ?"

"ఎక్కడ? వాళ్ళు అన్యులే," అన్నాడు భర్త, వచనం దొరికిన సంబరంతో.

"చుక్కల్ని చూసి మంచీచెడ్డా చెప్పేవాళ్ళు కదా. దేవుడు వాళ్ళని పిలవాలనుకుని, వాళ్ళకి తెలిసిన చుక్కనే చూపించాడు. అన్యుల ఆచారం ఇంట్లో పెట్టి రమ్మనలేదు. మరి మా నాన్న నేర్పిన చుక్క మాత్రం ఏం పాపం చేసింది?"

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలి పాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఈ గొడవ మనకన్నా చాలా పాతదని చెప్పాడు. ఒకరు ఒక రోజుని గొప్పగా చూస్తారు, ఇంకొకరు అన్ని రోజులూ ఒకటే అంటారు, ఎవరి మనస్సాక్షి వాళ్ళది, ఒకరి మీద ఇంకొకరు తీర్పు తీర్చకూడదన్నాడు. వయసులో ఉన్నప్పుడు తనూ చెట్టు కనిపించిన ఇంట్లో అడుగు పెట్టేవాడు కాదట. "దేవుడు మెచ్చుకున్నాడో లేదో నాకు తెలీదు గానీ, పండగ పూట మా ఆవిణ్ణి మాత్రం ఒంటరిగా ఏడిపించాను," అన్నాడు.

"సరే, కట్టుకో," అన్నాడు వచనం గారు, అందరూ వెళ్ళాక. "భోజనాల్లో మాత్రం లోటు రాకూడదు."

ఎంత సంతోషమనుకున్నారు! మేడమీద తీగలూ కాగితాలూ పరుచుకుని, పంట్లో దారం కొరుక్కుంటూ, వేళ్ళనిండా జిగురుతో పాట మొదలుపెట్టింది. పండగనాడు చర్చిలో ఆఖర్న పాడే పాట అది. మొదటి చరణం అయ్యాక మళ్ళీ మొదటి చరణమే ఎత్తుకుంది. ఇంతలో అత్తగారు మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చి, పక్కన కూలబడి, కాగితం అంచు పట్టుకుంది.

"రెండో చరణం పాడవేమే?"

"రాదత్తయ్యా. మీరు పాడండి, నేర్చుకుంటాను."

అత్తగారు గొంతు సవరించుకుంది. నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. "నాకూ రాదే," అంది నెమ్మదిగా.

ఎలా వస్తుంది? చివరి పాట మొదటి చరణం అవగానే ముందు వరసలోంచి వచనం గారి తల వెనక్కి తిరుగుతుంది. ఒకప్పుడు అదే వరసలోంచి మామగారి తల తిరిగేది. ఆ చూపు పడగానే ఆడవాళ్ళు లేచి, చెప్పులు వేసుకుని, నలభై మందికి పొయ్యి వెలిగించడానికి పరుగు. అత్తగారు పెళ్ళైన నాటి నించీ ఆ పాటని వీధిలో నడుస్తూ వెనకనించి వినడమే. సంగతి అర్థమై అత్తాకోడళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలీదు గానీ, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆ నీళ్ళలో అన్నీ నవ్వువే కావు. బల్బు వెలిగించి చూస్తే వెలుగు కొసకొసకీ పాకింది.

పండగ రోజు చర్చి కిటకిటలాడిపోయింది. పాస్టరు గారు గొర్రెల కాపరుల భాగం చదివాడు. ఏటా వినేదే, కానీ ఏటా చెవులిక్కడా మనసు పొయ్యి మీదా. ఈసారి ఆమె పూర్తిగా విన్నది. కబురు అందగానే కాపరులు లేచి, ఉన్నపళంగా శిశువుని చూడ్డానికి వెళ్ళారు.

చివరి పాట మొదలైంది. మొదటి చరణం అయింది. ముందు వరసలో తల వెనక్కి తిరిగింది. చిన్నకోడలు కదల్లేదు. పక్కన అత్తగారూ కదల్లేదు. తల మళ్ళీ తిరిగింది. చివరికి ఆయనే లేచి వచ్చి, ఆమె చెవి దగ్గర వంగాడు.

"వంట మాటేమిటి? ఎవరు చూస్తారు?"

"గొర్రెల కాపరులు గొర్రెల్ని ఎవరికి అప్పజెప్పి వెళ్ళారండీ? ఎక్కడైనా రాసుందా?"

అన్నిటికీ వచనం ఉన్న మనిషి, దీనికి వచనం వెతుక్కుంటూ అలాగే నిలబడిపోయాడు. అత్తగారు పాటల పుస్తకం లోంచి తల ఎత్తకుండానే, "ఉల్లిపాయలు కిటికీ కింద బుట్టలో ఉన్నాయిరా. కత్తి సొరుగులో ఉంది," అంది. ఆయన తల్లిని చూశాడు, భార్యని చూశాడు, చొక్కా చేతులు మడుచుకుంటూ గుమ్మం వైపు నడిచాడు. కరెంటు ఆఫీసు స్నేహితులు ఇద్దరు ఏమైందోనని వెంట వెళ్ళారు.

అత్తాకోడళ్ళు ఒకే పుస్తకం పట్టుకుని నిలబడ్డారు. ఆ పాటకి ఐదు చరణాలున్నాయి.