ఒట్టి నీళ్ల పరీక్ష

మిర్చి సీజన్ వచ్చిందంటే ఇమాం హుస్సేన్ తెల్లారగానే బస్తా ముందు కూర్చునేవాడు. చేతులకు నువ్వుల నూనె పట్టించుకుని కాయలకు తొడిమలు తీసేవాడు. నూనె రాసుకోకపోతే ఘాటు గోళ్ల సందుల్లోకి దిగి పొద్దుగూకే దాకా మండుతుంది. నిజానికి ఆ పని అతనిది కాదు, భార్య రహమతున్నీసాది. ఆమె పోయి మూడేళ్లయినా వ్యాపారి మనిషి అలవాటు కొద్దీ బస్తా తెచ్చి గుమ్మంలో దించుతూనే ఉన్నాడు. హుస్సేన్ వద్దనలేదు. తొమ్మిదింటికి శనగపిండితో చేతులు రుద్ది కడుక్కుని కాలేజీకి పోయేవాడు. గుంటూరులో ఓ కాలేజీ కెమిస్ట్రీ లాబ్‌లో అతను అటెండరు.

2004లో ఆ లాబ్‌లో రాగసుధ అనే అమ్మాయి పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె పనంతా మూరెడు పొడవున్న ఒక తెల్లటి తొట్టెలోనే. అందులో నీళ్లు పోసి, పత్తిగింజల నూనెలోంచి తీసిన కొవ్వు ఆమ్లం ఒక్క చుక్క వదిలితే అది నీళ్ల మీద ఒకే ఒక్క అణువు మందాన పరుచుకుంటుంది. కంటికి కనిపించదు. ఆ పొరను పట్టీతో ఒకపక్కకు నెడితే మీటరు మీద ముల్లు లేస్తుంది. నిలవ నూనె గాలి తగిలి ముక్కిపోయినట్టే పొరా చెడిపోతుంది, ముల్లు పడిపోతుంది. జనవరిలో ఆమె కొలిచినప్పుడు ముల్లు ఇరవై నిమిషాల్లో సగానికి పడింది. ఎండుమిర్చి ఎరుపులోంచి తీసిన పదార్థం రవ్వంత కలిపితే పొర ఇంకాసేపు నిలుస్తుందా అన్నది ఆమె ప్రశ్న.

ఫిబ్రవరిలో అది కలిపి చూసింది. రెండు గంటలైనా ముల్లు కదల్లేదు. మళ్లీ చేసింది, మళ్లీ అంతే.

డిపార్ట్‌మెంట్ హెడ్ లక్ష్మీనరసింహం పొంగిపోయాడు. శనివారం హైదరాబాదులో జరిగే శాస్త్రవేత్తల సభలో ఆ ఫలితం చదవమన్నాడు. రాగసుధ సభకు కట్టుకోవడానికి మంగళగిరి చీర కొనుక్కుంది. బాగుందా బాబాయ్ అంటూ దాన్ని హుస్సేన్‌కి కూడా విప్పి చూపించింది.

హుస్సేన్ మాత్రం ఆ హెడ్‌తో మూడేళ్లుగా సరేనండి తప్ప ఇంకో మాట అనలేదు. రహమతున్నీసా పెద్దాసుపత్రిలో ఉన్ననాడు పొద్దున్నే వెళ్లి సెలవడిగాడు. డాక్టర్లు ఇవాళ గడవదంటున్నారండి అని కూడా చెప్పాడు. ప్రాక్టికల్ పరీక్షలకు బయటి నుంచి ఎగ్జామినర్ వస్తున్నాడని, సాయంత్రం పొమ్మని ఆయన అన్నాడు. నాలుగున్నరకు హుస్సేన్ చేరేసరికి మంచం మీద దుప్పటి మారుస్తున్నారు. తర్వాత ఆయన ఇంటికొచ్చి పలకరించి వెళ్లాడు. హుస్సేన్ కూర్చోమనలేదు.

గురువారం మధ్యాహ్నం హుస్సేన్ గాజు బేసిన్లో నీళ్లు పట్టి గిన్నెలు కడగబోయాడు. బల్ల దులిపిన దుమ్ము ఆ నీళ్ల మీద తేలుతోంది. వేలు పెట్టగానే దుమ్మంతా అంచులకు పరుగెత్తింది. అతను చెయ్యి తీసి చూసుకున్నాడు. చేతికి ఇసుమంత జిడ్డున్నా నీళ్ల మీది పొడి ఇలాగే పారిపోతుందని తాను చేరిన కొత్తలో రాగసుధే పౌడరు చల్లి చూపించింది. తొట్టె కడిగేటప్పుడు గ్లౌజులు వేసుకోమని చెప్పింది కూడా అందుకే. కాయలు ఒలిచిన చేతులు గ్లౌజుల్లో చెమటపట్టి మండుతుంటే నెల్రోజుల కిందటే వాటిని తీసి పక్కన పడేశాడు. శనగపిండి జిడ్డంతా లాగేస్తుందనుకున్నాడు. వేళ్ల పగుళ్లలో ఉన్నదాన్ని లాగలేదు.

మిగతాది అతనికి తేలిగ్గానే అర్థమైంది. జనవరిలో బస్తాలు లేవు, ఫిబ్రవరిలో ఉన్నాయి. అమ్మాయి పొర చెడి తగ్గుతుంటే ఆ ఖాళీలోకి తన చేతి నూనె పరుచుకుంటోంది. ముల్లు ఇంకెందుకు పడుతుంది? అంతకుముందు రాగసుధ రోజూ చుక్క వెయ్యకముందు ఒట్టి నీళ్లను కొలిచి, ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసుకునేది. టైం దండగ, వారానికోసారి చాలని మాన్పించింది లక్ష్మీనరసింహమే. ఆ వారానికోసారీ ఫిబ్రవరి హడావుడిలో పోయింది.

చెప్పకపోతే సరి. సభలో పెద్దవాళ్ల ముందు ఆయన పేరు మీద ఇది చదువుతారు. ఎవరో ఇంకోచోట చేసి చూస్తే రాదు. ఆయన తలకాయ నలుగురిలో దిగుతుంది. మూడేళ్లుగా హుస్సేన్ మనసులో కోరుకున్నది అదొక్కటే. ఆ సాయంత్రం ఇంటికి పోతూ దారంతా ఊహల్లో ఆ ముచ్చటే తీర్చుకున్నాడు. ఇంటికొచ్చి కూర్చున్నాక చీర గుర్తొచ్చింది. వేదికెక్కి చదివేది ఆయన కాదు, ఆ పిల్ల.

శుక్రవారం పొద్దున రాగసుధ, లక్ష్మీనరసింహం ఇద్దరూ లాబ్‌లో ఉండగా హుస్సేన్ బేసిన్లో నీళ్లు పోసి, పౌడరు చల్లి, వేలు పెట్టాడు. నడుమ గుండ్రంగా ఖాళీ అయింది.

"ఏంటిది బాబాయ్?"

"మిర్చికాయలు ఒలిచిన చెయ్యమ్మా. నెల్రోజులుగా నువ్వుల నూనె. ఈ చేత్తోనే నీ తొట్టె కడుగుతున్నా."

"మరి గ్లౌజులు?"

"మంట పుడుతుంటే తీసేశా. తప్పు నాదే."

రాగసుధ నోటుపుస్తకం తెరిచి తేదీలు చూసుకుంది. ఒట్టి నీళ్లు చూసుకునుంటే మొదటిరోజే దొరికేది సార్ అంది, ఎవరి వైపూ చూడకుండా.

లక్ష్మీనరసింహం మొహం ఎర్రబడింది. "నెల్రోజుల పని నాశనం చేశావు కదయ్యా! ముందే చెప్పొద్దూ?"

"ఇది నాకు నిన్ననే తెలిసిందండి," అన్నాడు హుస్సేన్. "ముందే చెప్పడమంటారా, మూడేళ్ల కింద ఒకసారి చెప్పి చూశానండి."

రాగసుధ ఫిబ్రవరి పేజీలన్నిటి మీదా అడ్డగీతలు గీసింది. హైదరాబాదు వెళ్లలేదు.

మార్చిలో అంతా మొదటి నుంచి చేసింది, రోజూ ఒట్టి నీళ్లతో మొదలుపెట్టి. ముల్లు సగానికి పడడానికి ఎరుపు కలపకపోతే ఇరవై నిమిషాలు, కలిపితే ముప్పై రెండు. పన్నెండు నిమిషాలే బాబాయ్ అంది. ఆ పన్నెండూ నీవే కదమ్మా అన్నాడు హుస్సేన్.

అతను నూనె మానేశాడు, బస్తా మానలేదు. ఒట్టి చేతులతోనే ఒలిచి, ఆ మంట మీదే గ్లౌజులు తొడుక్కుంటున్నాడు. ఒకరోజు వరండాలో లక్ష్మీనరసింహం ఆగి, ఆ రోజు నిన్ను పంపించాల్సింది హుస్సేనూ అన్నాడు.

హుస్సేన్ సరేనండి అనలేదు. తొట్టెలో నీళ్లు పోయడానికి లోపలికి పోయాడు.