తెల్ల కారు ఊపిరి

పీణ్య పారిశ్రామికవాడలో ఒక పెట్రోల్ బంకు పక్కన చిన్న రేకుల గది ఉంది. దాని మీద ‘ఎమిషన్ పరీక్ష’ అని బోర్డు, లోపల ఒక కంప్యూటరు, బండ్ల పొగ కొలిచే పొడవాటి గొట్టమున్న ఒక మిషను. గది బయట ఎప్పుడూ ఒక తెల్ల కారు నిలబడి ఉండేది. అది ఎక్కడికీ పోదు. అయినా గది నడిపే రాజగోపాల్ దాన్ని కన్నబిడ్డలా చూసుకునేవాడు, మూడు నెలలకోసారి సర్వీసు చేయించేవాడు. కదలని కారుకు ఇంత సేవ ఎందుకయ్యా అని ఎవరైనా అడగాలి కదా! అక్కడికి వచ్చేవాళ్లెవరూ అడగలేదు, ఎందుకంటే వాళ్లు వచ్చేదే దానికోసం.

రెండేళ్ల కిందట, మే నెలలో ఒక శనివారం ఉదయం, అభిజిత్ అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మహదేవపుర నుంచి ఊరంతా దాటుకుని అక్కడికి వచ్చాడు. అతని ఎర్ర కారు కంటే ముందే దాని మోత వచ్చింది. సైలెన్సర్ మార్పించాడు, ఇంజన్ పవర్ పెంచే ట్యూనింగ్ చేయించాడు, పొగను శుభ్రం చేసే కన్వర్టర్‌ను పూర్తిగా పీకించేశాడు.

“రెండు సెంటర్లలో ఫెయిల్ చేశారు బ్రో. ఇక్కడైతే గ్యారంటీ పాస్ అని ఫ్రెండ్ చెప్పాడు,” అన్నాడు.

“ఈ తెల్ల కారు పక్కన ఆనించి పెట్టండి సార్. మిగతాది నేను చూసుకుంటా.”

రాజగోపాల్ కంప్యూటరుకు తగిలించిన కెమెరాను ఎర్ర కారు నంబర్ ప్లేటు వైపు తిప్పాడు. గొట్టాన్ని మాత్రం తెల్ల కారు సైలెన్సర్‌లో దూర్చి, తెల్ల కారునే స్టార్ట్ చేశాడు. అయిదు నిమిషాల్లో ఎర్ర కారు పేరు మీద సర్టిఫికెట్ వచ్చేసింది. అభిజిత్, చూసేవాళ్ల కళ్లు మండించే పొగ వదిలి వెళ్లిపోయాడు.

ఇదంతా స్టూలు మీద కూర్చుని చూశాడు రాజగోపాల్ వాళ్ల అన్న ఆదినారాయణప్ప. వీధి చివరి ఫ్యాక్టరీలో ఇనుప సామాన్ల మీద ఇసుక కొట్టి తుప్పు వదిలించే పని ఆయనది. సొంతూరు చింతామణి నుంచి తమ్ముణ్ణి తెచ్చి, చదివించి, ఈ గది పెట్టించింది ఆయనే.

“ఓరి నీ పాసుగూల! దాని పొగ దీని పేరు మీద రాస్తివేమప్పా!” అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది, చాలాసేపు ఆగలేదు.

“మిషనుకు కండ్లుండవు కదన్నా. గొట్టం యాడ పెడితే అదే నిజమనుకుంటాది. ఆ మాట పక్కన పెట్టు, నీ దగ్గు యాడన్నా చూపించుకో.”

“వచ్చే వారం ఫ్యాక్టరీలోనే ఊపిరి పరీక్ష ఉండాది లే. గొట్టంలో ఊదమంటారు. ఫెయిలయితే పనిలోంచి తీసేస్తారంట,” అన్నాడు ఆదినారాయణప్ప. ఆయన భయమంతా ఆ చివరి మాటలోనే ఉంది.

మరుసటి వారం ఆ పరీక్షలో ఆయన పాసయ్యాడు. భార్య అనసూయ సంబరపడి మరిదికి మైసూర్‌పాక్ పంపింది. మరుసటేడు కూడా పాసే. పాపం, దగ్గుకు ఆ కాగితాల సంగతి తెలియదు కదా, అది పెరుగుతూనే పోయింది. చివరికి రెండు మెట్లెక్కి మూడో మెట్టు మీద కూర్చుండిపోయేవాడు. పెద్దాసుపత్రికి పోదామని అనసూయ పోరితే, “రిపోర్టు బాగుండాది కదా వదినా, ఊరికే ఎందుకు భయపడతావు?” అన్నాడు రాజగోపాల్. దొంగ కాగితాలు ఇచ్చి బతికేవాడు కూడా తన ఇంటికొచ్చిన కాగితాన్ని ఎంత సులువుగా నమ్మాడో చూడండి!

ఈ ఏడు మార్చిలో ఆదినారాయణప్ప పని మధ్యలోనే కుప్పకూలాడు. ఆసుపత్రిలో డాక్టర్ జరీనా ఆయన ఎక్స్‌రేనూ ఫ్యాక్టరీ రిపోర్టులనూ పక్కపక్కన పెట్టుకుని చూశారు.

“ఇసుక దుమ్ము ఊపిరితిత్తుల్లో గట్టిపడిపోయింది. ఇలాంటి మనిషి పోయినేడు ఇంత గాలి ఊదడం అసాధ్యం. ఈ రిపోర్టులు ఎవరివి?”

“ఆయనవే డాక్టరమ్మా, పేరు చూడండి!” అంది అనసూయ.

ఆదినారాయణప్ప ఆక్సిజన్ మాస్క్ పక్కకు జరిపి తమ్ముడి వైపు చూశాడు. మాట మాటకూ ఆగుతూ, “ఊదింది నేను కాదు. పక్క మిషను మీద పనిచేసే ఆయప్ప ఊదినాడు, నా పేరుతో. రెండేండ్లూ అంతే. మిషనుకు కండ్లుండవని నువ్వే చెప్తివి కదప్పా,” అన్నాడు.

రాజగోపాల్ “ఇప్పుడేమీ చేయలేమా మేడమ్?” అని చేతులు జోడించాడు.

“రెండేళ్ల కిందట నిజం తెలిసి ఉంటే ఆ దుమ్ములోంచి తప్పించేవాళ్లం. ఇప్పుడు ఆలస్యమైపోయింది,” అన్నారు డాక్టర్. నలభై రోజులకు ఆదినారాయణప్ప చనిపోయాడు. అన్నను చంపింది తన నోటి మాటేనని రాజగోపాల్ తల బాదుకుని ఏడ్చాడు.

కర్మలు అయ్యాక అతను గది తెరిచిన రోజునే ఎర్ర కారు మోత మళ్లీ వినబడింది.

“తెల్ల కారేది బ్రో?” అన్నాడు అభిజిత్.

“అమ్మేసినా సార్,” అంటూ రాజగోపాల్ గొట్టాన్ని తీసుకెళ్లి ఎర్ర కారు సైలెన్సర్‌లోనే పెట్టాడు. ఫెయిల్ అని వచ్చింది.

“రెండుసార్లు పాస్ చేశావ్ కదా! ఇప్పుడేంటి ఈ డ్రామా?”

“నేను పాస్ చేసింది మీ కారును కాదు సార్, నా కారును. మీ పొగ రెండేండ్లుగా ఎవురో ఒకరి గొంతులో పడతానే ఉండాది. కన్వర్టర్ మళ్లీ పెట్టించుకుని రండి, నిజంగా పాసయితాది.”

అభిజిత్ ఏదో గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. అరకిలోమీటరు దూరంలో ఇంకో రేకుల గది ఉంది, దాని ముందు కూడా కదలని కారు ఒకటి ఉంది. పావుగంటలో సర్టిఫికెట్ పట్టుకుని మళ్లీ ఇదే దారిన మోత చేసుకుంటూ పోయాడు. మరిదికి అన్నం క్యారియరు తెస్తున్న అనసూయ ఆ పొగకు రోడ్డు పక్కనే ఆగి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గింది.

ఆ దగ్గు విని రాజగోపాల్ గదిలోంచి పరుగున వచ్చాడు. ఎదురుగా వదిన నిలబడి ఉంది, కారు మలుపు తిరిగిపోయింది. మిషనును మోసం చేయడం ఎవరికైనా చేతనవుతుంది. అది ఊపిరి పీల్చదు, ఆ పొగనూ దుమ్మునూ పీల్చవలసింది మనమే.